అమియాటినుస్ బైబిలు ప్రతి – దాని స్వామ్యచరిత్ర

ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరమందలి మెడిచీ లారెన్షియన్ గ్రంథాలయమున ‘అమియాటినో 1’ అను గుర్తుతో ఒక లాటిను బైబిలు వ్రాతప్రతి కలదు. జెరోము భాషాంతరముగా ప్రసిద్ధికెక్కిన వల్గేటు బైబిలు ఆద్యంతము ఏకసంపుటముగా నేటికి నిలిచిన ప్రతులలో ఇదియే మిక్కిలి ప్రాచీనము. దీని లేఖనము క్రీ. శ. 716 నాటికి ముగిసినది. ఇందు 1,030 చర్మపత్రములు గలవు. ఒక్కొక్క పత్రము ఇంచుమించు అరమీటరు పొడవు, మీటరులో మూడవవంతు వెడల్పు. బరువు 34 కిలోగ్రాములు పైబడును. ఒక మనిషి చంకబెట్టుకొని పోదగిన పుస్తకము కాదు. ఇరువురు చేయి వేసి ఎత్తవలసినది. ఇట్టి గ్రంథము ఇంగ్లండు ఉత్తరతీరమున పుట్టి, సముద్రము దాటి, ఇటలీలోని ఒక కొండమఠమున శతాబ్దముల తరబడి పరుల పేరు మీద బ్రదికి, 19వ శతాబ్దము కడపట గాని తన పుట్టినింటి పేరు తిరిగి పొందజాలదయ్యెను. ఆ పేరు పోయిన తీరును, దొరకిన తీరును విమర్శకు తగినవి.

మొదట గ్రంథమునకు పట్టిన సొమ్మును, శ్రమను తలపోయవలెను. తాటియాకు చెట్టున దొరకును. చర్మపత్రము మందలో దొరకును. దూడతోలును సున్నపునీట నానవైచి, వెండ్రుకలు ఊడ్చి, చట్రమునకు బిగించి, వంపుకత్తితో ఇరుప్రక్కల గీకి, ఆరబెట్టి నునుపు చేయుదురు. ఇంత పెద్ద పుస్తకమున ఒక దూడతోలునకు రెండు పత్రములకు మించి రావు. కావున ఈ యొక్క సంపుటమునకే 515 దూడలు కావలసివచ్చెను. ఇట్టివి ఒకేమాఱు మూడు సంపుటములు తయారైనవి. అనగా 1,500 పైచిలుకు దూడలు. ఇంతటి పశుసంపదయు, దానికి తగిన పచ్చికబయళ్ళును గల మఠము తప్ప ఇట్టి పనికి పూనుకొనజాలదు.

ఆ మఠము నార్తంబ్రియా రాజ్యమున వియర్‌మత్, జారో అను రెండు తావుల నుండెను. ఎగ్‌ఫ్రిత్ రాజు ఇచ్చిన భూమిపై 674లో బెనెడిక్ట్ బిస్కప్ అను కులీనుడు వియర్‌మత్ మఠమును నిలిపెను; కొలది సంవత్సరములకు జారో వెలసినది. బిస్కప్ రోమునకు పలుమార్లు పోయి, పోయినప్పుడెల్ల పుస్తకములు, చిత్రపటములు మోయించుకొని వచ్చినవాడు. అతని తరువాత రెండు మఠములకును అధిపతియైన చెయోల్‌ఫ్రిత్ ఆ గ్రంథభాండారమును రెట్టింపు చేసెనని బీడ్ వ్రాసియున్నాడు. బీడ్ ఆ మఠముననే ఏడేండ్ల ప్రాయమున చేరి, అచ్చటనే పెరిగి, 735లో అచ్చటనే కన్నుమూసిన చరిత్రకారుడు. రోమునుండి వచ్చిన పుస్తకములలో పాతభాషాంతరమున వ్రాసిన పెద్దబైబిలు ఒకటి యుండెను. అది దక్షిణ ఇటలీలో 6వ శతాబ్దమున కస్సియొడోరుస్ వ్రాయించిన ‘మహాసంపుటము’ అని పండితులు పలువురు తలంతురు. దానికి జోడుగా జెరోము క్రొత్త భాషాంతరమును మూడు సంపుటములుగా చెయోల్‌ఫ్రిత్ వ్రాయించెను. ఒకటి వియర్‌మత్‌నకు, ఒకటి జారోకు; మూడవది రోమునందలి పేతురు అపొస్తలుని సన్నిధికి.

716 జూన్ 4వ తేదీన, 74 ఏండ్ల వయసున, చెయోల్‌ఫ్రిత్ మఠాధిపత్యమును విడిచి మూడవ సంపుటముతో రోమునకు బయలుదేరెను. రెండు మఠములలోను అప్పటికి ఆరువందల మంది సోదరులుండిరి. ఆయన తలంపు ముందుగా ఎవ్వరికిని తెలియనందున వారు నిర్ఘాంతపడిరి. అప్పుడు సమూయేలు గ్రంథమునకు వ్యాఖ్య వ్రాయుచుండిన బీడ్, మూడు భాగములు ముగించి, ఈ యెడబాటు వలన మనసు చెదరి నాల్గవదానికి వెంటనే పూనుకొనలేకపోతినని ఆ భాగపు పీఠికయందే చెప్పుకొనెను. చెయోల్‌ఫ్రిత్ రోము చేరలేదు. సెప్టెంబరు 25వ తేదీన, నేటి ఫ్రాన్సు దేశమందలి లాంగ్ర్ పట్టణమున మరణించెను. వెంటవచ్చిన వారిలో కొందఱు ఇంటిదారి పట్టిరి. కొందఱు సమాధి చెంతనే నిలిచిరి. కొందఱు కానుకలు తీసికొని రోమునకు సాగిరి. ఇచ్చట కథ తెగిపోవుచున్నది. పుస్తకము మరల కనబడునప్పటికి అది రోమునందు లేదు. టస్కనీలోని అమియాటా పర్వతముపై సాన్ సాల్వతోరె మఠమున నున్నది.

ఇక అసలు విషయము. గ్రంథారంభమున తోరణాకృతి చట్రములో కొన్ని లాటిను పద్యములు వ్రాసియున్నవి. తెలుగు కావ్యములు చదివినవారికి వీని తత్త్వము వేఱుగ చెప్పనక్కఱలేదు. మన ప్రబంధములందు అవతారికలో కృతికర్త తన వంశమును, ఊరును చెప్పి, కృతిభర్తను సంబోధించి, కృతి సమర్పించును. ఇవియు అట్టివే. ఇన్నవదేశపు మఠాధిపతియైన ఇన్నవాడను, దూరపు సరిహద్దునుండి, ఇన్నవారి సన్నిధికి ఈ కానుక పంపుచున్నాను, నా వారికిని నాకును పరలోకమున స్థానము కోరుచున్నాను అని తాత్పర్యము. అయితే ఈ పద్యములందు దాత పేరు ‘లాంగోబార్దుల దేశపు మఠాధిపతి పేతురు’ అని యున్నది. గ్రహీత ‘సాల్వాతోరిస్’, అనగా రక్షకుని మఠము. అమియాటా మఠము రక్షకుని పేర వెలసినదే. పై చూపునకు లెక్క సరిపోయినట్లే యుండును.

కాని సరిపోలేదు. ఆ పదములున్నచోట తోలు గీకబడియున్నది. సిరా వేఱు, అక్షరముల ఒరవడి వేఱు. ఇది కంటికి కనబడు సాక్ష్యము. చెవికి వినబడు సాక్ష్యము ఇంకొకటి కలదు. ఆ పద్యములందు దిద్దిన పాదములు ఆరు గణముల లాటిను వృత్తమున నడచుచున్నవి. మన వృత్తములవలెనే గురులఘువుల మీద ఆధారపడినవి. తొలిపాదము చివర ఇప్పుడున్న ‘సాల్వాతోరిస్’ అను నాలుగక్షరముల మాట ఆ చోట పట్టదు. రెండక్షరముల మాటకే అందు తావు కలదు. దాత పేరున్న పాదమున ‘లాంగోబార్దోరుం’ అనుమాట మొదటనే గురువు, లఘువు, గురువు వరుసగా వచ్చుచున్నవి. అనగా మన లెక్కను ర గణము. ఆ వృత్తమున రెండు గురువుల నడుమ ఒంటి లఘువు నిలువజాలదు. వ్రాసినవాడు పద్యము తెలిసినవాడు, దిద్దినవాడు తెలియనివాడు. మన ప్రతులయందు ప్రక్షిప్తమును గణభంగము చూచి పట్టుకొను పండితులకు ఈ తీర్పు క్రొత్త కాదు. ఒక విశేషము మాత్రము గమనింపదగినది. తాళపత్రముపై గంటపుగీత ఆకులోనికి దిగును. దానిని గీకినచో ఆకే చిరుగును. చర్మపత్రముపై సిరా పైపైన నిలుచును. కత్తి పట్టినవానికి చెరుపుట సులువు. చర్మపత్రపు గట్టితనమే గ్రంథమును కాపాడినది, దాని మెత్తదనమే పేరును పోగొట్టినది.

దిద్దినవాని ఎన్నిక కూడ విచిత్రమైనది. మొదట గ్రహీతగా నుండిన పేతురు అపొస్తలుడు. ఆ పేతురు పేరు తొలగించి, వేఱొకచోట దాతగా పేతురను మఠాధిపతి పేరే చేర్చిరి. ఈతడు 9వ శతాబ్దపు చివరనో 10వ శతాబ్దపు మొదటనో అమియాటా మఠమును ఏలినవాడని పండితుల నిర్ణయము. గ్రంథమును వెలకిచ్చి కొనెనో, రోమునుండి కానుకగా పొందెనో చెప్పు పత్రము లేదు. తన మఠమునకు తానే దానమిచ్చినట్లు పద్యమును తిప్పుకొనుట మాత్రము స్పష్టము.

ఒకసారి పేరు చెదరిన పిమ్మట కట్టుకథలకు అడ్డేమున్నది? 1036 నాటి అమియాటా మఠపు పవిత్రావశేషముల పట్టికలో ఈ బైబిలు గ్రెగరీ పోపు స్వహస్తలిఖితమని చేర్చబడినది. పుస్తకము పుస్తకముగా గాక ఒక మహానుభావుని చేతిస్పర్శ గల వస్తువుగా పూజలందుకొనసాగెను. ఆ కీర్తి వలననే 1587లో ఐదవ సిక్స్తుస్ పోపు బైబిలు పరిష్కరణకై దీనిని రోమునకు రప్పించిరి. 1590లో సిక్స్తుస్ ముద్రణము వెలువడినది; పుస్తకము మరల కొండయెక్కినది. ఉద్దేశింపబడిన నగరమున అది నిశ్చయముగా నిలిచినట్లు తెలిసినకాలము ఆ రెండుమూడేండ్లే. అదియు ఎరువు పుస్తకముగా! టస్కనీ ప్రభువు పీటర్ లియొపోల్డ్ 1780ల దశకమున మఠమును రద్దుచేయగా, గ్రంథము ఫ్లారెన్సు చేరినది. మఠాధిపతి పేతురు చెరిపి సంపాదించిన స్వామ్యము ప్రభుత్వపు ఒక్క ఉత్తరువుతో ముగిసెను.

లారెన్షియన్ గ్రంథాలయాధికారి బందీని 18వ శతాబ్దముననే చెరిపిన గుర్తులు కనిపెట్టెను. కాని లేవీయకాండపు మొదట గ్రీకు లిపిలో ‘సెర్వాందుస్ చేసెను’ అను అర్థము గల చిన్న వాక్యము కలదు. సెర్వాందుస్ అను పేరు గల మఠాధిపతి 6వ శతాబ్దమున, బెనెడిక్టు మహర్షి స్నేహితుడుగా ప్రసిద్ధుడు. పేరు కలసినది కదా యని ఈ ప్రతి ఆయన కాలపుదని నిశ్చయించిరి. 1850లో దీనియందలి క్రొత్తనిబంధనమును ప్రకటించిన టిషెండార్ఫ్ వంటి ఉద్దండుడు సయితము ఆ దారినే పోయెను. ఇది విమర్శకు తలవంపు తెచ్చిన ఘట్టము. లేఖకుని పేరొక్కటి దొరకగానే, ఆ పేరుగలవారిలో చరిత్రకెక్కిన వానిని వెదకి అతనికి అంటగట్టుట పండితులలో పాతజాడ్యము. ఒకే పేరు గల కవులను ఒక్కనిగా కలిపివేసిన మన కవిచరిత్రకారులును ఈ జాడ్యమునకు బయటివారు కారు. గ్రంథము కాలము దీనివలన నూటయేబది యేండ్లకు పైగా వెనుకకు జరిగినది. పుట్టినచోటు ఒక దేశమునుండి మఱియొక దేశమునకు మాఱినది.

దారి మరల్చినవాడు రోము పురాతత్త్వవేత్త జొవాన్ని బత్తిస్తా దె రొస్సి. 1880ల దశకమున ఆయన చెరిపిన పదములను ఎదుట పెట్టుకొని, చోటెంత, అక్షరములెన్ని, గణమేది యని లెక్కించి, దాత ‘బ్రిటనుల దేశపు మఠాధిపతి చెయోల్‌ఫ్రిత్’ అని ఊహించెను. చెయోల్‌ఫ్రిత్ రోమునకు బైబిలు తీసికొనిపోవుచుండెనని బీడ్ చెప్పియుండుట ఆ యూహకు ఆధారము. తొలిమాటకు ‘కూల్మెన్’ అనగా శిఖరము అని పూరించెను. ఛందస్సు ఒప్పుకొన్నది, అర్థము పొసగినది. అయినను అది ఊహయే. 1887లో కేంబ్రిడ్జి పండితుడు హోర్ట్ ఒక మెట్టు పైకెక్కెను. పేరు తెలియని జారో సోదరుడొకడు వ్రాసిన చెయోల్‌ఫ్రిత్ జీవితచరిత్రయందు, రోమునకు పంపిన బైబిలు మొదట వ్రాయించిన పద్యములు ఉన్నవున్నట్లు ఎత్తి వ్రాయబడియున్నవి. అందు ‘బ్రిటనుల’ కాదు, ‘ఆంగ్లుల’ అని యున్నది. ‘శిఖరము’ కాదు, ‘దేహము’. అనగా పేతురు దేహమున్న సమాధిస్థలమునకు. ఫ్లారెన్సులో చెరుపు మిగిల్చిన అక్షరములతో జారో పాఠము అతికినట్లు సరిపోయెను. వివాదము ముగిసినది.

దె రొస్సి ప్రతిభ గొప్పది. అయినను నేర్పరి యూహ కంటె నిరాడంబరమైన సాక్ష్యము బలీయమని హోర్ట్ చూపెను. ఇందు ‘బ్రిటనుల’, ‘ఆంగ్లుల’ అను భేదము స్వల్పమని తోచవచ్చును, స్వల్పము కాదు. ఆంగ్లులు అప్పటికి ఇంచుమించు నూఱేండ్ల క్రిందటనే క్రైస్తవము పుచ్చుకొన్న జాతి. ప్రపంచపు టంచున నున్నవారమని తామే చెప్పుకొన్నవారు. అట్టివారు లాటిను బైబిలును లాటినుకు పుట్టినిల్లగు రోమునకే కానుక పంపిరి. తమకు విద్య నేర్పినవారికి తమ విద్యను చూపించుట ఇందలి అంతరార్థము. ఆ ‘ఆంగ్లుల’ అను ఒక్క మాటలో ఒక జాతి సాహసము ఇమిడియున్నది. చెరిపినవాడు దానినే చెరిపెను.

ఆ జాతి ఎంతగా నేర్చినదో లిపియే చెప్పుచున్నది. అన్షియల్ అను గుండ్రని పెద్దక్షరముల ఒరవడి ఇందు అచ్చముగా ఇటలీ పద్ధతి. ఏడుగురు లేఖకుల చేతులు గుర్తింపబడినను ఒరవడి ఒక్కటే. వాక్యమును అర్థమునుబట్టి విఱిచి పొట్టిపంక్తులుగా వ్రాయుటవలన చదువరికి ఊపిరి తీసికొనుచోటు తెలియును. పుటకు రెండు నిలువు వరుసలు, వరుసకు నలుబదిమూడు నలుబదినాలుగు పంక్తులు. ఇది ఇటలీవారి చేతివ్రాత కాదని నమ్ముటకు పండితులు చాలకాలము జంకిరి. పద్యము దొరకని పక్షమున, లిపినొక్కదానినే చూచి దీనిని ఇంగ్లండునకు ఇచ్చుట కష్టమై యుండెడిది. 1960లో లోవ్ ఇంగ్లండు అన్షియల్ లిపిని గూర్చి ప్రత్యేకగ్రంథము వెలువరించిన పిదప గాని వియర్‌మత్, జారో మఠముల లేఖనశాల తనకు దగిన చోటు పొందలేదు.

పేతురు మఠాధిపతిని దొంగయనవచ్చునా? పేరు దొంగిలించెననుటకు సందేహము లేదు. కాని తీర్పు చెప్పుటకు ముందు తక్కిన రెండు సంపుటముల గతి చూడవలెను. అవి ఇంటనే నిలిచినవి. ఎవ్వరును వాని పేరు చెరుపలేదు. వానిలో ఒకదాని జాడయే లేదు. రెండవదానివని చెప్పదగిన పత్రములు పండ్రెండింటికి అటునిటుగా మాత్రమే మిగిలినవి. 1909లో న్యూకాసిల్ పట్టణపు అంగడిలో గ్రీన్‌వెల్ అను మతాధికారికి ఒక పత్రము దొరకెను. నాటింగ్‌హామ్ ప్రాంతమున వొలటన్ భవనమున విల్లబీ కుటుంబపు ఎస్టేటు దస్తావేజులకు అట్టలుగా చుట్టిన పత్రములు పదికి పైన బయటపడగా, బ్రిటిషు మ్యూజియము వానిని 1938లో సంపాదించెను. డార్సెట్ ప్రాంతమున కింగ్‌స్టన్ లేసీ భవనమున మఱియొక పత్రము 1982లో కనబడినది. మెర్సియా రాజగు ఆఫా వూస్టరు మఠమునకిచ్చిన బైబిలు ఇదియే కావచ్చునని ఒక యూహ కలదు. అట్లైనచో రాజు చేతి దానము మఠములు రద్దైన 16వ శతాబ్దమున చిత్తుతోలై, భూములలెక్కల కవిలెలకు అట్టయైనదన్నమాట.

కావున లెక్క ఇట్లు తేలుచున్నది. పరాయిచోట, అబద్ధపు పేరుతో, గ్రంథము ఒక్కపుటయు చెడక నిలిచినది. స్వస్థలమున, నిజమైన పేరుతో, గ్రంథము ముక్కలైనది. జీవితచరిత్రలో పద్యము మిగిలినది గాని ఆ పద్యమును మోసిన తోబుట్టువులు మిగులలేదు. గ్రంథమును గౌరవించినవారికి అది ఎవరిదో తెలియదు. ఎవరిదో తెలిసినవారు దానిని కాపాడలేదు. అమియాటా సన్న్యాసులు అది గ్రెగరీ పోపు చేవ్రాతయని నమ్మకపోయినచో, తొమ్మిది వందల యేండ్లు దానిని పెట్టెలోనుంచి కాచెడివారా యన్నది సందేహమే. ఈ మాట పేతురు అపరాధమును తుడిచివేయదు. ఆయన చెరిపిన తీరు చూడగా, కావలెనని తక్కిన పద్యభాగమును ముట్టక విడిచినట్లున్నది. దూరపు సరిహద్దునుండి వచ్చిన మఠాధిపతి అను విశేషణమును అట్లే యుంచుకొనెను. ఆ విశేషణము ఆయనకు పొసగదు. అమియాటాలో నుండి అమియాటాకే పంపు దాతకు దూరపు సరిహద్దు ఎక్కడిది? ఆ యొక్క పొరపాటే తరువాతివారికి దారిచూపిన దీపమైనది.

పరభాషాప్రాంతమున గ్రంథము నిలుచుట తెలుగువారెఱుగని సంగతి కాదు. తంజావూరు సరస్వతీమహలులోని తెలుగు తాళపత్రములు తమిళదేశమున, నాయకరాజుల పిమ్మట మరాఠా ప్రభువుల రక్షణలో నిలిచినవి. 1798 నుండి 1832 వరకు ఏలిన రెండవ శరభోజి ఆ భాండారమును పెంచినవాడే గాని అందలి కవుల పేర్లపై కత్తి పెట్టినవాడు కాడు. దాచినవాడు కృతికర్త పేరును కూడ దాచుట సాధ్యమేయని అమియాటా పేతురునకు ఇది మాఱుత్తరము. ఊరూర మన సంఘములలో పెద్దల పెట్టెలయందున్న వ్రాతప్రతులకు అట్టలు వేయునప్పుడు గద్యలున్న చివరి ఆకులే ముందుగా ఊడిపోవుచున్నవి. ఆశ్వాసాంతగద్య పోయిన ప్రతికి తల్లిదండ్రుల పేరు చెప్పువాడుండడు. జారో సోదరునివలె పద్యమును వేఱొక పుస్తకమున ఎత్తి వ్రాసికొన్నవాడు ప్రతిచోట దొరకడు కదా.

గ్రంథపు మొదటి భాగమున చిత్రమొకటి కలదు. అందు ఎజ్రా పీటపై కూర్చుండి వ్రాయుచున్నాడు. వెనుక తలుపులు తెఱచిన అలమరలో తొమ్మిది సంపుటములు పండబెట్టి యున్నవి. శత్రువులచే కాలిపోయిన ధర్మగ్రంథములను ఎజ్రా మరల వ్రాసెనని చిత్రముపైనున్న పద్యముల భావము. ఇది కస్సియొడోరుస్ మహాసంపుటమునుండి తెచ్చుకొన్న చిత్రమా, జారో చిత్రకారుని స్వంతకల్పనమా యని వాదములు నేటికిని సాగుచున్నవి. మాతృక మిగిలియున్న గాని ఆ వాదము తేలదు. అయినను పుస్తకములు పోవునని, మరల వ్రాయవలసివచ్చునని ఎఱిగియే వారు ఒకటికి మూడు ప్రతులు వ్రాయించిరనుట యుక్తము.

2018 అక్టోబరున లండను బ్రిటిషు గ్రంథాలయమున ఆంగ్లోశాక్సను రాజ్యములను గూర్చిన ప్రదర్శనము జరిగినప్పుడు ఫ్లారెన్సువారు ఈ సంపుటమును ఎరువిచ్చిరి. 716 తరువాత 1,302 ఏండ్లకు అది ఇంగ్లండు నేల త్రొక్కెను. అదే మఠమున తయారై, 2012లో 90 లక్షల పౌనులకు బ్రిటిషు గ్రంథాలయము కొనిన సెయింట్ కథ్‌బర్ట్ సువార్త అను అఱచేతి పుస్తకమును ఆ ప్రదర్శనముననే యుండెను. 2019 ఫిబ్రవరిలో ప్రదర్శనము ముగిసిన పిమ్మట పెద్ద సంపుటము ఫ్లారెన్సు చేరి, అమియాటా కొండ పేరనే తన పాతయరలో నున్నది. తొలిపుటలోని చెరుపులను ఎవ్వరును తిరిగి దిద్దలేదు.